బార్బోరా ష్పొటాకోవా: జావెలిన్ త్రోలో పదహారేళ్ళ పతకాల ప్రస్థానం

బార్బోరా ష్పొటాకోవా చెక్ రిపబ్లిక్‌కు చెందిన జావెలిన్ త్రో క్రీడాకారిణి. 1981 జూన్ 30న పుట్టింది. 2008 బీజింగ్, 2012 లండన్ ఒలింపిక్స్‌లో వరుసగా స్వర్ణ పతకాలు గెలిచింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు ఆమె ఖాతాలో మూడున్నాయి. 2008 సెప్టెంబర్ 13న జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌లో ఆమె విసిరిన 72.28 మీటర్లు మహిళల జావెలిన్‌లో ప్రపంచ రికార్డు. 2006లో తొలి పెద్ద పతకం అందుకున్న ఆమె, చివరి పతకాన్ని 2022లో, నలభై ఒక్కటో ఏట అందుకుంది. భుజం, మోచేయి, నడుము మీద తీవ్రమైన ఒత్తిడి పెట్టే ఈ ఆటలో అంతకాలం ముందు వరుసలో నిలిచినవాళ్ళు చాలా అరుదు. ఆ పదహారేళ్ళ మధ్యలో ఆమె ఇద్దరు పిల్లలకు తల్లి అయింది, రెండుసార్లూ మైదానానికి తిరిగి వచ్చి పతకాలు గెలిచింది.

ఈటె, దాని కొలతలు

మహిళలు విసిరే ఈటె బరువు 600 గ్రాములు, పొడవు 2.20 నుంచి 2.30 మీటర్లు. పురుషుల ఈటె బరువు 800 గ్రాములు. పరుగు బాట చివర ఉండే వంపు గీత దాటకుండా విసరాలి. ఈటె మొన ముందుగా నేలను తాకాలి, గీసిన హద్దుల్లోపలే పడాలి. ష్పొటాకోవా ఆడిన కాలంలో ఫైనల్లో ఒక్కొక్కరికి మూడు విసుర్లు దక్కేవి. వాటిలో మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచినవాళ్ళకు మరో మూడు ఇచ్చేవారు. ఆరింటిలో అత్యుత్తమమైన ఒక్క విసురే లెక్కకు వచ్చేది.

1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మహిళల జావెలిన్ తొలిసారి చేరింది. అమెరికాకు చెందిన బేబ్ డిడ్రిక్సన్ ఆ స్వర్ణం గెలిచింది. దూరాలు పెరుగుతూ పోయి, 1988లో తూర్పు జర్మనీ క్రీడాకారిణి పెట్రా ఫెల్కే సరిగ్గా 80.00 మీటర్లు విసిరింది. ఆ కాలపు ఈటె గాలిలో తేలుతూ చాలా దూరం వెళ్ళేది. నేల మీద బల్లపరుపుగా పడటంతో మొన తగిలిందా లేదా అన్నది తేల్చడం కష్టమయ్యేది. అందుకే 1999లో మహిళల ఈటె నమూనా మార్చారు. గరిమనాభిని ముందుకు జరపడంతో మొన త్వరగా కిందికి వంగుతుంది, గాలిలో తేలే దూరం తగ్గుతుంది. పాత రికార్డులను పక్కన పెట్టి కొత్త లెక్క మొదలుపెట్టారు. కొత్త ఈటెతో నార్వేకు చెందిన ట్రినే హాటెస్టాడ్ 2000లో 69.48 మీటర్లు, క్యూబాకు చెందిన ఒస్లెయిడిస్ మెనెండెజ్ 2001లో 71.54, 2005లో 71.70 మీటర్లు విసిరారు. ష్పొటాకోవా ఈ వరుసలో తర్వాతి పేరు.

చెక్ గడ్డ మీద ఈటె

కోటి మంది జనాభా ఉన్న చెక్ రిపబ్లిక్‌లో జావెలిన్‌కు ఉన్న గౌరవం చాలా పెద్ద దేశాల్లోనూ కనిపించదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో దానా జాటొప్‌కోవా జావెలిన్ స్వర్ణం గెలిచిన రోజే ఆమె భర్త ఎమిల్ జాటొపెక్ 5,000 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచాడు. భార్యాభర్తలు పుట్టింది కూడా ఒకే రోజు, 1922 సెప్టెంబర్ 19న. దానా 1960 రోమ్‌లో రజతం కూడా అందుకుంది. పురుషుల్లో యాన్ జెలెజ్నీ 1992, 1996, 2000లలో వరుసగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. 1996లో అతడు విసిరిన 98.48 మీటర్లే నేటికీ ప్రపంచ రికార్డు.

ఈ సంప్రదాయానికి పునాది బడి స్థాయిలో పడుతుంది. క్రికెట్ పెద్దగా ఆడని ఆ దేశంలో పిల్లల అథ్లెటిక్స్ పోటీల్లో క్రికెట్ బంతిని దూరంగా విసరడం ఒక అంశం. చేతికి ఈటె రాకముందే భుజానికి విసిరే అలవాటు వస్తుంది. మహిళల, పురుషుల ప్రపంచ రికార్డులు రెండూ ఈ చిన్న దేశం దగ్గరే ఉండటానికి ఇలాంటి అలవాట్లు, తరం నుంచి తరానికి అందుతున్న శిక్షణ కారణం.

బాల్యం, తొలి అడుగులు

ష్పొటాకోవా పుట్టింది ఉత్తర బొహీమియాలోని యాబ్లొనెట్స్ నాద్ నిసౌ పట్టణంలో. గాజు పూసలకు, గాజు నగలకు పేరు పొందిన ఊరది. చెక్ దేశపు నాణేలు ముద్రించే టంకశాల కూడా అక్కడే ఉంది. ఆమె పుట్టేనాటికి చెక్, స్లోవక్ ప్రాంతాలు కలిసి చెకొస్లొవాకియా పేరుతో ఒకే దేశంగా ఉండేవి.

ఆమె మొదట హెప్టాథ్లాన్ క్రీడాకారిణి. హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్లు అనే ఏడు అంశాలను రెండు రోజుల్లో పూర్తి చేయాల్సిన పోటీ అది. 2000లో చిలీ రాజధాని శాంటియాగోలో జరిగిన ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్‌లో ఆమె హెప్టాథ్లాన్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. స్వీడన్‌కు చెందిన కరొలీనా క్లూఫ్ట్ ఆ పోటీలో గెలిచింది. ఏడు అంశాల్లో ఒకటిగా ఉన్న జావెలిన్‌ను ఆ తర్వాత ష్పొటాకోవా తన ప్రధాన అంశం చేసుకుంది. హెప్టాథ్లాన్‌లో సంపాదించిన వేగం, కాళ్ళలో దుముకు, ఒంటి మీద అదుపు ఆమెకు ఆడినంతకాలం ఉపయోగపడ్డాయి.

దారి వెంటనే తెరుచుకోలేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అర్హత పోటీలోనే వెనుదిరిగింది. మరుసటి ఏడాది టర్కీలోని ఇజ్మీర్‌లో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 2006లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్ రజతంతో పెద్దల పోటీల్లో ఆమె పేరు నిలబడింది. అప్పుడు ఆమెను ఓడించిన జర్మన్ క్రీడాకారిణి స్టెఫీ నేరియస్ ఆ తర్వాత కూడా కీలకమైన చోట ఎదురుపడింది.

2007లో జపాన్‌లోని ఒసాకాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ష్పొటాకోవా 67.07 మీటర్లతో స్వర్ణం గెలిచింది. 66.46 మీటర్లు విసిరిన జర్మనీకి చెందిన క్రిస్టీనా ఓబర్గ్‌ఫోల్‌కు రజతం, నేరియస్‌కు కాంస్యం దక్కాయి.

2008: ఆఖరి విసురు, తొలి విసురు

2008 ఆగస్టు 21న బీజింగ్‌లో మహిళల జావెలిన్ ఫైనల్ జరిగింది. చెక్ ప్రజలకు ఆ తేదీ మరిచిపోలేనిది. సరిగ్గా నలభై ఏళ్ళ క్రితం, 1968 ఆగస్టు 20 రాత్రి దాటి 21 తెల్లవారేసరికి, సోవియట్ యూనియన్ నాయకత్వంలో వార్సా కూటమి సేనలు అక్కడి సంస్కరణలను అణచడానికి చెకొస్లొవాకియాలో దిగాయి. సంస్కరణల వైపు నిలబడినందుకు ఎమిల్ జాటొపెక్ వంటి జాతీయ వీరుడు కూడా సైన్యంలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. బీజింగ్ ఫైనల్లో ష్పొటాకోవా ప్రధాన ప్రత్యర్థి రష్యాకు చెందిన మరియా అబకుమోవా. ఆ తేదీ తన మనసులో ఉందని ష్పొటాకోవా తర్వాత చెప్పింది.

అబకుమోవా 70.78 మీటర్లు విసిరి ఆధిక్యంలోకి వెళ్ళింది. అప్పటికి అది యూరోపియన్ రికార్డు. ఐదు రౌండ్లు పూర్తయ్యేసరికి ష్పొటాకోవా ఇంకా వెనకే ఉంది. ఆరో విసురులో, అంటే తనకు మిగిలిన చివరి అవకాశంలో, 71.42 మీటర్లు విసిరింది. యూరోపియన్ రికార్డు చేయి మారింది, స్వర్ణం ఆమెదైంది. మెనెండెజ్ ప్రపంచ రికార్డుకు అది 28 సెంటీమీటర్లు మాత్రమే తక్కువ.

ఆ తర్వాత 23 రోజులకు, సెప్టెంబర్ 13న, ష్టుట్‌గార్ట్‌లో ప్రపంచ అథ్లెటిక్స్ ఫైనల్ జరిగింది. ఒలింపిక్స్ ముగిశాక చాలామంది క్రీడాకారులు అలసిపోయి ఉండే సమయమది. ష్పొటాకోవా తొలి విసురులోనే ఈటె 72.28 మీటర్ల దగ్గర దిగింది. కొత్త నమూనా ఈటెతో 72 మీటర్లు దాటిన తొలి మహిళ ఆమె. బీజింగ్‌లో ఆఖరి విసురు స్వర్ణం తెచ్చింది, ష్టుట్‌గార్ట్‌లో మొదటి విసురు ప్రపంచ రికార్డు తెచ్చింది. వెనకబడ్డప్పుడు తొణకని స్థైర్యం, ఒత్తిడి లేనప్పుడు సడలని పట్టు రెండూ ఆమెలో ఉన్నాయని ఒక్క నెలలోపే తేలిపోయింది.

ప్రత్యర్థులు, ఆలస్యంగా దక్కిన స్వర్ణం

2009 బెర్లిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ష్పొటాకోవా 66.42 మీటర్లతో రజతం అందుకుంది. సొంత ప్రేక్షకుల ముందు 67.30 మీటర్లు విసిరి 37 ఏళ్ళ నేరియస్ విజేత అయింది. 2010 బార్సెలోనా యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో జర్మన్ క్రీడాకారిణులు లిండా స్టాల్, ఓబర్గ్‌ఫోల్‌ల తర్వాత ష్పొటాకోవాకు కాంస్యం వచ్చింది. అదే ఏడాది మొదలైన డైమండ్ లీగ్‌లో మహిళల జావెలిన్ తొలి విజేత మాత్రం ఆమే. ఓబర్గ్‌ఫోల్ వ్యక్తిగత అత్యుత్తమం 70.20 మీటర్లు. ఇలాంటి గట్టి ప్రత్యర్థులు ఒకే కాలంలో ఉండటంతో ఏ పతకమూ సులువుగా రాలేదు.

2011లో దక్షిణ కొరియాలోని డేగు నగరంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ అసాధారణంగా సాగింది. ష్పొటాకోవా 71.58 మీటర్లు విసిరింది. ఆమె జీవితంలో అంతకుమించిన దూరం ప్రపంచ రికార్డు విసురు ఒక్కటే. అయినా అబకుమోవా 71.99 మీటర్లతో ముందు నిలవడంతో రజతంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఏళ్ళ తర్వాత అసలు సంగతి బయటపడింది. దాచి ఉంచిన పాత నమూనాలను మెరుగైన పద్ధతులతో మళ్ళీ పరీక్షించినప్పుడు అబకుమోవా నమూనాలో నిషిద్ధ ఉత్ప్రేరకం ట్యూరినబాల్ ఆనవాళ్ళు దొరికాయి. 2016లో ఆమె బీజింగ్ రజతాన్ని రద్దు చేశారు. డేగు ఫలితం కూడా తర్వాత రద్దయి, ఆ స్వర్ణం ష్పొటాకోవాకు దక్కింది. బీజింగ్ రజతం ఓబర్గ్‌ఫోల్‌కు, కాంస్యం బ్రిటన్‌కు చెందిన గోల్డీ సేయర్స్‌కు చేరాయి. పోటీ జరిగి పదేళ్ళు దాటాక సేయర్స్ తన పతకాన్ని చేతిలోకి తీసుకుంది. రికార్డు పుస్తకాన్ని దిద్దవచ్చు, పతకాన్ని చేతులు మార్చవచ్చు. ఆ సాయంత్రం మైదానంలో వినిపించాల్సిన జాతీయ గీతాన్ని, విజయ వేదిక మీద పై మెట్టును మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఉత్ప్రేరకాలు చేసే అన్యాయంలో అదే అన్నిటికంటే పెద్దది.

లండన్ 2012

2012 ఆగస్టు 9న లండన్‌లో ఆమె 69.55 మీటర్లతో ఒలింపిక్ స్వర్ణాన్ని నిలబెట్టుకుంది. రజతం గెలిచిన ఓబర్గ్‌ఫోల్ దూరం 65.16 మీటర్లు. ఇద్దరి మధ్య నాలుగు మీటర్లకు పైగా తేడా. సెంటీమీటర్లలో పతకాలు చేతులు మారే ఆటలో ఇది తిరుగులేని గెలుపు. మహిళల జావెలిన్‌లో వరుసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు ఆమెకంటే ముందు గెలిచింది తూర్పు జర్మనీకి చెందిన రూత్ ఫుక్స్ ఒక్కతే, 1972లో, 1976లో.

తల్లి అయ్యాక

2013లో ఆమెకు మొదటి బిడ్డ పుట్టాడు. కాన్పు తర్వాత జావెలిన్‌లోకి తిరిగి రావడం చిన్న విషయం కాదు. విసురుకు ఆధారం నడుము, పొత్తికడుపు కండరాలు. గర్భధారణలో ఎక్కువగా సాగి బలహీనపడేవి కూడా అవే. 2014లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్ జరిగేనాటికి ఆమె తిరిగి పోటీకి సిద్ధంగా ఉంది. 64.41 మీటర్లతో, కేవలం 20 సెంటీమీటర్ల తేడాతో, సెర్బియాకు చెందిన తాత్యానా యెలాచాను దాటి స్వర్ణం గెలిచింది. ఒలింపిక్, ప్రపంచ స్వర్ణాలు ముందే ఉన్న ఆమెకు అదే తొలి యూరోపియన్ టైటిల్.

2016 రియో ఒలింపిక్స్‌లో 64.80 మీటర్లతో కాంస్యం అందుకుంది. క్రొయేషియాకు చెందిన సారా కోలాక్ 66.18 మీటర్లతో స్వర్ణం గెలిచింది. రజతం దక్షిణాఫ్రికాకు చెందిన సునెట్ విల్యూన్‌ది. విల్యూన్‌కు, ష్పొటాకోవాకు మధ్య తేడా 12 సెంటీమీటర్లు. దీంతో వరుసగా మూడు ఒలింపిక్స్‌లో పతకం అందుకున్నట్లయింది.

2017లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ లండన్‌లో, ఐదేళ్ళ క్రితం ఆమె ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మైదానంలోనే జరిగింది. అప్పుడు ఆమెకు 36 ఏళ్ళు. 66.76 మీటర్లు విసిరి చైనా క్రీడాకారిణులు లీ లింగ్‌వెయ్‌ను, ల్యూ హుయ్‌హుయ్‌ను వెనక్కి నెట్టింది. ఒసాకాలో గెలిచిన మొదటి ప్రపంచ స్వర్ణానికి, దీనికి మధ్య సరిగ్గా పదేళ్ళు. అదే ఏడాది డైమండ్ లీగ్ టైటిల్ కూడా గెలిచింది. 2018లో రెండో బిడ్డ పుట్టాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఆమెకు ఐదోది. అక్కడ ఫైనల్ చేరలేకపోయింది.

మ్యూనిక్: చివరి పతకం

2022 ఆగస్టులో యూరోపియన్ ఛాంపియన్‌షిప్ మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియంలో జరిగింది. 1972లో రూత్ ఫుక్స్ తన తొలి ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మైదానమది. నలభై ఒక్క ఏళ్ళ ష్పొటాకోవా 60.68 మీటర్లతో కాంస్యం అందుకుంది. స్వర్ణం గ్రీస్‌కు చెందిన ఎలీనా జెంగోది, రజతం సెర్బియాకు చెందిన ఆద్రియానా విలాగోష్‌ది. 2000లో శాంటియాగోలో ష్పొటాకోవా జూనియర్ పోటీల్లో పాల్గొనే నాటికి వాళ్ళిద్దరూ ఇంకా పుట్టలేదు. ఆ ఏడాదితోనే ఆమె ఆట నుంచి విరమించుకుంది.

విసిరే తీరు, శిక్షణ

జావెలిన్‌లో బలం భుజంలోనే ఉందని పైకి అనిపిస్తుంది. అసలు పని కాళ్ళ దగ్గర మొదలవుతుంది. పరుగులో కూడగట్టుకున్న వేగాన్ని చివరి అడ్డడుగుల తర్వాత ముందు కాలు ఒక్కసారిగా అడ్డుకుంటుంది. కుడిచేతి వాటం వాళ్ళకు అది ఎడమ కాలు. ఆ ఆగిన వేగం తుంటి నుంచి మొండేనికి, అక్కడి నుంచి భుజానికి, మోచేతికి, చివరకు వేళ్ళకు కొరడా దెబ్బలా పాకుతుంది. అగ్రశ్రేణి మహిళల చేతి నుంచి ఈటె సెకనుకు 25 మీటర్లకు పైగా వేగంతో వెలువడుతుంది, అంటే గంటకు 90 కిలోమీటర్లు. ముందు కాలు ఏ కాస్త వంగినా, మొన కొద్దిగా పక్కకు తిరిగినా మీటర్ల దూరం పోతుంది. పరుగు, దుముకు, బలం కలగలిసిన హెప్టాథ్లాన్ నేపథ్యం ష్పొటాకోవాకు కలిసివచ్చింది ఇక్కడే. రుడోల్ఫ్ చెర్నీ, యాన్ జెలెజ్నీ వేర్వేరు దశల్లో ఆమెకు శిక్షణ ఇచ్చారు. ప్రాగ్‌లోని సైనిక క్రీడా సంఘం దుక్లా తరఫున ఆమె ఆడింది.

ప్రధాన పతకాలు

ఒలింపిక్స్: 2008 బీజింగ్ స్వర్ణం (71.42 మీ.), 2012 లండన్ స్వర్ణం (69.55 మీ.), 2016 రియో కాంస్యం (64.80 మీ.)

ప్రపంచ ఛాంపియన్‌షిప్: 2007 ఒసాకా స్వర్ణం (67.07 మీ.), 2009 బెర్లిన్ రజతం (66.42 మీ.), 2011 డేగు స్వర్ణం (71.58 మీ.), 2017 లండన్ స్వర్ణం (66.76 మీ.)

యూరోపియన్ ఛాంపియన్‌షిప్: 2006 గోథెన్‌బర్గ్ రజతం, 2010 బార్సెలోనా కాంస్యం, 2014 జ్యూరిక్ స్వర్ణం (64.41 మీ.), 2022 మ్యూనిక్ కాంస్యం (60.68 మీ.)

ఆమె తర్వాత

ప్రపంచ రికార్డుకు 2008 తర్వాత ఆమె కాక గట్టిగా చేరువైనది పోలండ్‌కు చెందిన మరియా ఆండ్రెయ్‌చిక్. 2021లో ఆమె 71.40 మీటర్లు విసిరింది. 2023 ప్రపంచ ఛాంపియన్, 2024 పారిస్ ఒలింపిక్ విజేత అయిన జపాన్ క్రీడాకారిణి హరుకా కిటాగుచి చెక్ కోచ్ దగ్గర శిక్షణ కోసం ఆ దేశానికే వెళ్ళి స్థిరపడింది. పారిస్‌లో కాంస్యం గెలిచిన నికోలా ఒగ్రోద్నికోవా చెక్ క్రీడాకారిణి. భారత జావెలిన్ వీరుడు నీరజ్ చోప్రా 2025లో తొలిసారి 90 మీటర్లు దాటినప్పుడు అతడి కోచ్ జెలెజ్నీయే. అంటే ష్పొటాకోవా ఎదిగిన శిక్షణ సంప్రదాయమే మన దేశానికి కూడా ఉపయోగపడింది.

భారత మహిళల్లో జాతీయ రికార్డు అన్నూ రాణిది, 63.82 మీటర్లు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ జిల్లా పల్లెలో చెరకు గడలు, వెదురు కర్రలు విసిరి సాధన మొదలుపెట్టిన ఆమె 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మహిళల జావెలిన్‌లో భారత్‌కు అదే తొలి ఆసియా క్రీడల స్వర్ణం.

ష్పొటాకోవా పేరు చెప్పగానే 72.28 అనే అంకె గుర్తుకు రావడం సహజం. కానీ ఆ రికార్డు ఒక్క సాయంత్రం, ఒక్క విసురులో పుట్టింది. అర్హత పోటీలోనే ఓడి ఇంటికి చేరిన ఏథెన్స్ నుంచి నలభై దాటాక మెడలో పతకం వేసుకున్న మ్యూనిక్ దాకా ఆమె నిలబడిన తీరు రికార్డుకంటే గొప్పది. రికార్డు ఏదో ఒక రోజు చెదిరిపోతుంది. ఒలింపిక్స్, ప్రపంచ, యూరోపియన్ పోటీలు మూడింటిలో కలిపి ఆమె గెలిచిన పతకాలు పదకొండు, వాటిలో స్వర్ణాలు ఆరు.